కాన్పుల ఆసుపత్రిని ఎవరికిచ్చారు

ఊళ్ళో సగం మంది ఆ కాన్పుల ఆసుపత్రిలోనే కళ్ళు తెరిచారు. ఈ అక్కచెల్లెళ్ళలో చెల్లెలు కూడా అక్కడే పుట్టింది. ఆమె దర్జీ. ఒకరి జోలికి పోదు, మాటంటే మాటే అని పేరుండటంతో వీధివాళ్ళు వెంటపడి మరీ ఆమెను కౌన్సిలర్‌ని చేశారు. అక్క ఆ ఆసుపత్రిలో నర్సుగా చేరి, దానికి తాళం పడేదాకా అక్కడే పనిచేసింది. భర్త పోయాక చెల్లెలి ఇంటికే వచ్చేసింది.

కొత్త ఆసుపత్రి వచ్చాక పాతది పాడుబడింది. కౌన్సిల్ దాన్ని అమ్మకానికి పెట్టింది. తాతల కాలం నాటి కట్టడం కాబట్టి, వేలంలో ఎక్కువ పాడినవాళ్ళకు కాక దాన్ని నిలబెట్టేవాళ్ళకే ఇవ్వాలనుకున్నారు. వడపోతలో ఇద్దరు మిగిలారు. ఒకరు హోటళ్ళ యజమాని. ముందుభాగాన్ని ముట్టుకోకుండా లోపల బస గదులు కడతానన్నాడు. రెండోది పాత నర్సుల సంఘం. మంచానపడ్డవాళ్ళను పగలంతా కనిపెట్టుకుని ఉండే చోటుగా మారుస్తామన్నారు. ఆ సంఘానికి పెద్ద దిక్కు అక్కే.

తాను ఓటు వేయకుండా తప్పుకుంటానని చెల్లెలు చైర్మన్‌తో చెప్పి చూసింది. సంఘంలో మీ అక్కగారికి జీతమా వాటానా, తప్పుకోనక్కర్లేదు పొమ్మన్నాడాయన.

ఓటింగుకు ముందు అందరూ భవనం చూడ్డానికి వెళ్ళారు. అక్క ముందు నడుస్తూ గదులన్నీ చూపించింది. పురిటి గదిలో ఒకచోట గోడ నున్నగా అరిగి ఉంది. నొప్పులొచ్చినప్పుడు తల్లులు అక్కడే చేతులు ఆనించి నిలబడేవాళ్ళట. ఆమె మాటల్లో అందరూ మైమరచి ఉండగా కౌన్సిల్ ఇంజనీరు గొడుగు మొనతో పైన దూలాన్ని పొడిచాడు. చెక్క పిండిలా రాలింది. వచ్చే వానలకు ఈ కప్పు ఆగదనీ, వెంటనే పని మొదలెట్టగలిగినవాళ్ళకే ఇవ్వమనీ చెప్పాడు. సంఘం ఒక్కో గదీ బాగుచేసుకుంటూ పోదామనుకుంటోంది.

ఆ సాయంత్రం వంటింట్లో చెల్లెలు ఉండబట్టలేక అడిగేసింది.

"కప్పు వేయించడానికి మీ చేతిలో ఏముందక్కా?"

"చేతులున్నాయి," అంది అక్క, గిన్నె తోముతూనే.

సమావేశం రోజు ఓట్లు చెరిసగం అయ్యాయి. మిగిలింది చెల్లెలొక్కతే. వెనక బల్ల మీద అక్క ఒళ్ళో ప్లాను కాగితం పెట్టుకుని కూర్చుంది. అటు చూస్తే చెయ్యి లేవదని చెల్లెలికి తెలుసు. అందుకే గోడ వైపు చూస్తూ హోటళ్ళాయనకు చెయ్యెత్తింది. కాగితం చుట్టిన చప్పుడు వినిపించింది. తిరిగి చూసేసరికి బల్ల ఖాళీ.

అక్క పోట్లాడలేదు. ఇల్లు వదిలి వెళ్ళనూ లేదు. పొద్దున్నే తన వంట తను వండుకుని, గది తలుపు వేసుకునేది. చెల్లెలు మిషను దగ్గర కూర్చుని, ఇంజనీరు మాట విన్నాను, తప్పేం చేశానని తనలో తనే వాదించుకునేది. వాదన నెగ్గేది, మనసు మాత్రం కుదుటపడేది కాదు.

హోటళ్ళాయన పరంజా కట్టించాడు, పెంకులు దింపించాడు. అంతలో భాగస్వాములతో తగువు పడి పని ఆపేశాడు. కౌన్సిల్ పంపిన నోటీసులకు ఉలుకూ పలుకూ లేదు. కప్పు లేని గదుల్లోకి వాన తిన్నగా దిగింది. వెనకభాగం కూలి రోడ్డు మీద పడింది. దారినపోయేవాళ్ళ ప్రాణాలమీదికి వస్తుందని చైర్మన్ కూల్చివేతకు తీర్మానం పెట్టాడు. ఈసారి అందరి చేతులూ లేచాయి, చెల్లెలిదీ లేచింది.

కూల్చే రోజు చెల్లెలు వెళ్ళేసరికి అక్క అప్పటికే తాడు ఇవతల నిలబడి ఉంది. తనూ వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. యంత్రం ముందుభాగాన్ని నెట్టింది. గోడ ఉన్నపళంగా ఒరిగిపోయింది. దుమ్ము మొహాలకు కొట్టింది.

"మాకిచ్చినా ఆ కప్పు కూలేదేమో," అంది అక్క. ఇన్నాళ్ళకు ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. "కానీ కూలేలోగా నలుగురైనా అక్కడ పడుకునేవాళ్ళు."

వాళ్ళ మీదే కూలేదక్కా అనబోయింది చెల్లెలు. అప్పటికే అక్క కొంగుతో మొహం తుడుచుకుని వెనుదిరిగింది. చెల్లెలు కూడా కదిలింది. దారి పొడుగునా అక్క వెనక్కి చూడలేదు, చెల్లెలు అడుగు పెంచలేదు.