పుస్తకంలో జీడిమామిడాకు

అట్టు మాడిన వాసన వచ్చేదాకా, పొయ్యి వెలిగించిన సంగతే సత్యశ్రీకి గుర్తు లేదు. "నీకు మతి నిలవదే సత్తిసిరీ," అంది అత్తగారు అప్పలకొండమ్మ మంచం మీంచే. ఆ మాట ఈ ఇంట్లో ఎనిమిదేళ్ళ పాతది. భర్త జగదీశ్వరరావు అయితే నలుగురి ముందూ చెబుతాడు, మా ఆవిడ కంప్యూటర్ చదువు చదివింది గానీ కూరలో ఉప్పు వేసిందో లేదో చెప్పలేదని. అందరూ నవ్వుతారు. పాపం, తనూ నవ్వుతుంది.

నవ్వుతుంది గానీ లోపల భయం పట్టుకుంది. విశాఖలో ఒక కంపెనీ అరచేతంత కంప్యూటర్ బోర్డు పంపి, పాత చిప్పు మీద నడిచే కెర్నెల్‌ని ఈ కొత్త చిప్పు మీద నడిపించమంది. కెర్నెల్ అంటే కంప్యూటర్ లోపల అందరి పనులూ చక్కబెట్టే ఇల్లాలు లాంటిది. నర్సీపట్నంలో, ఇంట్లో కూర్చుని చేసే పని, అదీ రెండువేల నాలుగులో, దొరకడమంటే మాటలా? సోమవారంలోగా అవకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆదివారం వచ్చేసింది. బోర్డు లేస్తోంది, పలుకుతోంది, లక్ష దాకా లెక్కపెట్టమంటే మాత్రం తప్పుతోంది. ఇంటరప్ట్‌లు ఆపేస్తే లెక్క సరిపోతోంది. ఇంటరప్ట్ అంటే పిలుపే. గడియారం పిలుస్తుంది, కీబోర్డు పిలుస్తుంది, చిప్పు చేస్తున్నది వదిలేసి పలికి వస్తుంది. వచ్చేసరికి చేతిలో అంకె మారిపోయి ఉంటుంది. దీనికీ మతి నిలవదా తల్లీ, అనుకుంది సత్యశ్రీ.

మధ్యాహ్నం లోపల్నుంచి మంచినీళ్ళడిగారు, కళ్ళజోడు అడిగారు, తువ్వాలు అడిగారు. ప్రతిసారీ తిరిగొచ్చి కూర్చుంటే స్క్రీను మీద అక్షరాలు ఎవరివో అనిపించాయి. ఫ్యాను తిరుగుతోంది. కిటికీలోంచి వానకి ముందటి చల్లగాలి. కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి.

గొలుగొండలో అమ్మ ఇంటి అరుగు. పన్నెండేళ్ళ సత్యశ్రీ లెక్కల పుస్తకం మీద వంగి ఉంది. అమ్మ రామాయమ్మకి ఏదో పని పడింది. అమ్మ ఎప్పుడూ దూరం నుంచి కేకేయదు. దగ్గరకొచ్చి, కూతురి వేలు ఆగిన వరస మీద జీడిమామిడాకు పెట్టి, "ఇక్కడున్నావు. ఇప్పుడు లే," అంటుంది. తిరిగొస్తే ఆకు అక్కడే ఉంటుంది, లెక్క అక్కడే ఉంటుంది. ఆ ఇంట్లో తను ఏదీ మరిచిపోయిన గుర్తు లేదు.

మెలకువ వచ్చింది. ఆకు వాసన ఇంకా ముక్కులోనే ఉంది.

పాత చిప్పు అమ్మలాంటిది. పిలుపు రాగానే చేతిలో ఉన్న అంకెలన్నీ అదే భద్రంగా దాచేది. కొత్తదీ అంతే అనుకుంది తను. కొత్త చిప్పు పుస్తకం తీసి వెతికితే చిన్న అక్షరాల్లో ఉండనే ఉంది: ఇది తిరిగి రావలసిన చోటు ఒక్కటే దాస్తుంది, మిగతావి లేచేవాళ్ళే దాచుకోవాలి. ముందు అన్నీ దాచి, తర్వాత పలికి, వచ్చాక మళ్ళీ తీసుకునేలా పద్నాలుగు వరసలు రాసింది. నడిపింది. లక్ష. మళ్ళీ నడిపింది. లక్ష.

చిప్పుకి మతిమరుపు లేదు. తనకీ లేదు. ఈ ఎనిమిదేళ్ళూ లేదు! ఎన్ని పిలుపులకి ఎన్ని సగం ఆలోచనలు కింద పడేసి పరిగెత్తిందో, అవన్నీ ఏమైపోయాయో తలుచుకుంటే ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెంటినీ ఆపుకోలేదు.

"సత్యా, టీ," అన్నాడు జగదీశ్వరరావు ముందుగదిలోంచి.

ఒళ్ళు అలవాటుగా సగం లేచింది. సత్యశ్రీ దాన్ని మళ్ళీ కూర్చోబెట్టింది. నోటుబుక్కు తెరిచి, ఏం చేస్తోందో, ఎక్కడ ఆగిందో, తర్వాత ఏం చెయ్యాలనుకుందో తీరిగ్గా రాయడం మొదలుపెట్టింది.

"ఏటి, వినబడలేదా?"

"వినబడిందండీ," అంది కలం ఆపకుండానే. "నన్ను నేను దాచుకుని వస్తాను. ఉండండి."