పసుపు పూసిన నట్లు

వీరభద్రయ్య శెట్టికి తన నీడ వెనకాల వస్తున్నా ఎందుకొస్తోందో అడగాలనిపిస్తుంది. అట్లాంటి మనిషి సైకిలుకు చైను పడిపోవడం మొదలైతే ఇంక చెప్పేదేముంది!

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మాట. శెట్టి ప్రొద్దుటూరులో గుడ్డల కొట్టు నడుపుతూ, సంతరోజు మూట సైకిలుకు కట్టుకుని జమ్మలమడుగు పోయేవాడు. దారిలో గుంత వచ్చిందంటే చైను పడేది. మూట దించి, చైను ఎక్కించి, నల్లబడిన చేతులతో మళ్ళీ మూట కట్టేవాడు. సంతలో ఆడవాళ్ళు చీర మీద మరక చూసి పక్క అంగడికి పోయేవాళ్ళు.

కొట్టు అరుగు మీద వలి బాషా సైకిళ్ళు బాగుచేసేవాడు. అరుగు ఇచ్చినందుకు శెట్టి సైకిలు ఊరికే చూసేవాడు. చైను బిగించి ఇచ్చాడు. మళ్ళీ పడింది.

"ఒక పూట బండి నా దగ్గర ఇడిసిపెట్టు శెట్టీ. తిరగేసి అంతా చూస్తా," అన్నాడు.

ఒక పూట! మంచి సామాన్లు ఊడబీకి పాతవి తగిలించడానికి ఒక పూట చాలదా? శెట్టి ఇవ్వలేదు. పైగా, ఊరికే చేసేవాడు ఊరికే చేస్తాడా అని కొత్త అనుమానం పట్టుకుంది. బాషానే నట్లు వదులు చేస్తున్నాడని తేల్చుకున్నాడు. బేరాలు పోయి కొట్టు మూతపడితే, అరుగు మీది మనిషి లోపలికి జరగొచ్చు గదా!

వెనక చక్రం నట్లకు పసుపు పూసి పెట్టాడు. పానా తగిలితే పసుపు రాలాలి. సంతరోజు చైను పడింది. వంగి చూస్తే పసుపు చెక్కుచెదరలేదు. నాకైతే నవ్వొస్తుంది గానీ శెట్టికి కోపమొచ్చింది. బాషా ఇంట్లో మాత్రం పసుపు లేదా? వాడి పెళ్ళాం జానీబీ కూరలో వేసేదేమిటి? విప్పి, వదులు చేసి, మళ్ళీ పూశాడు దొంగ!

తిరిగొచ్చి అరుగు ఖాళీ చేయమన్నాడు.

"నేనేం జేసినా శెట్టీ? ఈడ తప్ప నాకు యాడ జాగా ఉంది?" అన్నాడు బాషా. ఇంటిల్లిపాదీ ఆ అరుగు మీదే బతుకుతున్నారు.

"నిన్ను పట్టుకోవాలనే నట్లకు పసుపు పూసినా. దాన్నీ తప్పించుకుంటివి. పో!"

మరుసటి రోజు ఆయుధపూజ. శెట్టి భార్య శకుంతలమ్మ సైకిలు కడుగుతూ పెడలు తిప్పింది. చైను తగులుకునే ముందరి పళ్ళ చక్రం ఒక పక్కకు ఒరుగుతూ తిరిగింది. ఆమె చూపు సైకిలు కట్టే స్తంభం మీదికి పోయింది. దొంగల భయంతో శెట్టి రోజూ బర్రెను కట్టే ఇనుప గొలుసును ఆ చక్రంలోంచే దూర్చి స్తంభానికి కట్టేవాడు. కట్టి ఊరుకునే రకమా? స్తంభానికి కాలు తన్నిపెట్టి, ఊడదు గదా అని సైకిలును గుంజి గుంజి చూసేవాడు.

"ఇట్లా రా, చూడు," అని కేకేసింది. "దీన్ని వంచింది బాషా కాదు, నువ్వు. దినామూ గుంజుతాండావే, ఇనుమైతే మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటాది? ఆ మనిషి ఉసురు ఊరికే పోసుకుంటివి."

శెట్టి చక్రం తిప్పి చూశాడు. నమ్మకం లేక మళ్ళీ తిప్పాడు. కుంటిది కుంటినట్టే తిరిగింది.

అరుగు మీద బాషా పానాలు గోనెసంచిలో వేస్తున్నాడు. పులివెందులలో ఎవరి షాపులోనో కూలికి చేరబోతున్నాడు. శెట్టి సైకిలు తెచ్చి ముందుపెట్టి, సిగ్గుతో చచ్చిపోతూ జరిగింది చెప్పాడు. బాషా చక్రం విప్పి, సుత్తితో సరిచేసి, బిగించి తిప్పాడు. ఒరగకుండా తిరిగింది.

"పోవద్దప్పా బాషా. తప్పు నాదే. అరుగు నీదే అనుకో."

శకుంతలమ్మ కూడా వాకిట్లోకి వచ్చి నిలబడింది. బాషాకు కళ్ళు తడిశాయి.

"పసుపు ఆ దినమే చూసినా శెట్టీ. పూజ చేసుకున్యావేమో అనుకున్యా. ఈ పొద్దు చక్రం వంక కనపడె, నేను బతికిపోతి. రేపు కొట్లో గజం గుడ్డ తక్కువైతే ఎవరినంటావు?"

నిన్ను అననని చెప్పడానికి శెట్టి నోరు తెరిచాడు. అంటాడని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. బాషా సంచి భుజానికెత్తుకున్నాడు.