తగ్గించి చెప్పిన వేళ

ఆ పెళ్లిలో పొరపాటు మితిమీరిన జాగ్రత్త వల్ల జరిగింది.

శుభకార్యాల ఏర్పాట్లు చూడడం వృత్తిగా పెట్టుకున్న ఆవిడను వంటవాళ్లు మొదలు పూలవాళ్ల వరకూ మేనేజరమ్మ అనే పిలుస్తారు. పని ఒప్పుకున్న రోజునే పెళ్లికూతురు ఆవిడను పక్కకు తీసుకువెళ్లి తన మనసులో మాట చెప్పింది. తన చిన్నతనంలో ఇల్లు విడిచి వెళ్లిన తండ్రిని ఆమె పెళ్లికి పిలిచింది. ఆ తరువాత తల్లినీ ఆమెనూ తన ఇంటికి తీసుకువెళ్లి, ఆమెను చదివించి పెంచిన మేనమామకు మాత్రం ఆ సంగతి తెలియదు. ఆ మనిషి ఉన్నచోట నేనుండనని మేనమామ ఏనాడో అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషి ఆయన. చెయ్యి పట్టుకుని ఆమెను వేదిక మీదికి తీసుకువెళ్లవలసింది కూడా ఆయనే.

“నాన్న ముందే వచ్చి, పై గదిలో నన్ను చూసి వెళ్లిపోతారండీ. మామయ్య తర్వాత వస్తాడు. ఇద్దరూ ఎదురుపడకూడదు, అంతే. మామయ్య గనక లేచి వెళ్లిపోతే నాకీ పెళ్లే వద్దు.”

ఇటువంటి మనుషులను ఒకే కప్పు కింద ఎడంగా ఉంచడం మేనేజరమ్మకు కొత్త కాదు. తండ్రి వంటశాల పక్కనున్న వెనక మెట్ల మీదుగా వచ్చి, అటునుంచే వెళ్లాలి. ఆయన వెళ్లిన చాలాసేపటికి మేనమామ ముఖద్వారం నుంచి రావాలి. ఇంతవరకూ ఏర్పాటులో లోపం లేదు.

అయితే మేనమామ ఆలస్యానికి పెట్టింది పేరు. అందుచేత మేనేజరమ్మ, తన వృత్తిలో అందరూ చేసేటట్టే, ఆయన రావలసిన వేళను అరగంట ముందుకు జరిపి పెళ్లికూతురి తల్లికి చెప్పింది. జరిపానని మాత్రం చెప్పలేదు. చెబితే జరిపిన ప్రయోజనం పోతుంది. తన అన్నగారి సంగతి ఎరిగిన తల్లి మరో అరగంట తగ్గించి తన చిన్నచెల్లెలికి చెప్పింది. ఇప్పుడు వేరే ఇంట్లో ఉంటున్న ఆయనను స్వయంగా పిలవడానికి వెళ్లిన ఆ చెల్లెలు, అన్నయ్యకు ఇదేం చాలుతుందనుకుని, తన వంతుగా ఇంకో అరగంట కోసింది. ఒకరు చేసినది ఒకరికి తెలియదు. ముగ్గురి జాగ్రత్తా కలిసి, మేనమామ వేళను తీసుకువెళ్లి సరిగ్గా తండ్రి వేళ మీద పడేసింది. ఆయన తన అలవాటు ప్రకారం ఆలస్యంగా వచ్చి ఉంటే అప్పటికీ ప్రమాదం ఉండేది కాదు.

పెళ్లినాడు తండ్రి పై గదిలోకి వెళ్లిన కాసేపటికే గేటు కాపలాదారు ఫోన్ చేశాడు.

“మేడమ్, మేనమామగారు వచ్చేశారు.”

“ఎవరి మేనమామ?”

“పెళ్లికూతురి మేనమామేనండీ. లోపలికొచ్చేస్తున్నారు.”

మేనేజరమ్మ పైనున్న తన సహాయకురాలికి ‘వెంటనే పంపించేయ్’ అని సందేశం పెట్టి, మెట్ల ముందుకు వచ్చి నిలబడింది.

“ఏమ్మా, మా పిల్లెక్కడ?” అన్నాడు మేనమామ. కొత్త చొక్కా కాలరు ఆయన మెడను ఒరుసుకుంటోంది.

“తయారవుతోందండీ. మీరలా కూర్చోండి, చల్లగా ఏదైనా తెప్పిస్తాను.”

“ఇంట్లో తాగే వచ్చాను. ఒక్కసారి చూసి వచ్చేస్తా.”

“ఇప్పుడు ఎవర్నీ రానివ్వట్లేదండీ.”

“నా మేనకోడల్ని చూడ్డానికి నాకు టికెట్టు కావాలా?”

ఇంతలో చిన్నచెల్లెలు పూలబుట్టతో వచ్చి, ఆయనను చూసి కొయ్యబారిపోయింది. “అన్నయ్యా! నువ్వేంటి, అప్పుడే?”

“నువ్వు చెప్పిన టైముకే వచ్చానే.”

“నేను చెప్పిన టైముకి నువ్వెప్పుడొచ్చావు గనక!”

మెట్లు దిగుతున్న తల్లి సగంలోనే ఆగిపోయింది. “అదేంటే, నేను నీకు చెప్పింది ఇంకో అరగంట తర్వాత కదా?”

“నేను మీకు చెప్పింది దానికి ఇంకో అరగంట తర్వాతండీ,” అంది మేనేజరమ్మ, తన నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియక.

మేనమామ ముగ్గురినీ చూసి పెద్దగా నవ్వాడు. “మీరు కోస్తారని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అందుకే ఎప్పుడూ గంటన్నర కలుపుకుని వస్తాను. ఇవాళ మాత్రం కలుపుకోలేదు. దాన్ని వేదిక మీదికి నేను తీసుకెళ్లాలి కదా, లెక్కలెయ్యడానికి మనసొప్పలేదు.”

ఎవరూ నవ్వలేదు. అది ఆయన గమనించాడు. “ఏంటే, అలా బిగుసుకుపోయారు? పైనెవరున్నారు?”

మేనేజరమ్మ చేతిలోని ఫోన్ అదిరింది. తండ్రి వెనక మెట్లు దిగుతున్నాడు. ఇంకొక్క అబద్ధం ఆడితే ఏర్పాటు నెగ్గేది. కానీ పైమెట్టు మీద పెళ్లికూతురు నిలబడి ఉంది. తన కోసం లెక్క మానుకున్న మనిషి ముందు ఆమె నోరు అబద్ధానికి తిరగలేదు.

“నాన్నున్నారు మామయ్యా. నేనే పిలిచాను.”

మేనమామ చెయ్యి జేబులోని కారు తాళాల మీదికి పోయింది. చిన్నచెల్లెలు బుట్ట కింద పెట్టేసింది.

“ఎటునుంచి వచ్చాడు?”

“వంటింటి వైపు మెట్లెక్కి. అటే వెళ్లిపోతున్నారు.”

“అంటే నాకు జడిసి, నీ కన్నతండ్రి నీ పెళ్లికి దొంగలా వచ్చి దొంగలా పోతున్నాడన్నమాట. నేనంత రాక్షసుణ్ణా నీకు?”

“నువ్వు వెళ్లిపోతావేమోనని భయం మామయ్యా.”

“ముందే చెబితే నాలుగు తిట్టి, రెండ్రోజులు మాట్లాడ్డం మానేసి, ఆ తర్వాత వచ్చి చచ్చేవాణ్ణి. ఇప్పుడు అలగడానికి కూడా టైము లేకుండా చేశారు కదే!”

ఆయన తాళాలు బయటికి తీశాడు, చూశాడు, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

“ఆయన్ని ఆపమ్మా,” అన్నాడు మేనేజరమ్మతో. “ముందు గుమ్మంలోంచి రమ్మను. నా మేనకోడలి పెళ్లికి దొడ్డిదారిన ఎవరూ రారు.”

తండ్రి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడవాలో వద్దో తెలియక ఆగిపోయాడు. మేనమామ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

“కుర్చీ ఆ చివర వేయించనా అండీ?” అంది మేనేజరమ్మ మెల్లగా.

“చివరేంటి? నా పక్కనే వెయ్యి,” అన్నాడు మేనమామ. “ఎదురుగా వేశావంటే ఆ మొహం చూడాలి.”

మేనేజరమ్మ కుర్చీని తానే మోసుకువెళ్లి, రెండింటి మధ్య ఒక మనిషి పట్టేటంత ఎడం వదిలి వేసింది.