నాలుగు వేళ్ళ పోటు

కాకినాడ హార్బరులో చేపల వేలంపాట ముగిసేసరికి ఏడవుతుంది. లోవమ్మ తన కానాగంత చేపల్ని అల్యూమినియం బేసినులో సర్దుకుని, మీద తడి గోనె కప్పి, షేర్ ఆటోలో ఇంజనీర్ల కాలనీ చేరేసరికి ఎనిమిది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే దారి. ఈ ముప్ఫై ఏళ్ళలో కాలనీ వాళ్ళ మీద ఆమెకి గౌరవం పెరిగిన రోజు ఒక్కటీ లేదు. తలకాయ తీసేసి ఇమ్మంటారు. ముల్లు లేకుండా ఇమ్మంటారు. మొప్ప ఎత్తి చూడడం చేతకాదు గానీ, "ఫ్రెష్షేనా?" అని ముక్కు ఎగబీలుస్తూ అడుగుతారు.

"ఇప్పుడే ఈదుకుంటూ వచ్చిందండి," అనేది లోవమ్మ. అది వెటకారమని కూడా వాళ్ళకి తెలిసేది కాదు.

అందరిలోకీ ఆమెకి బాగా చులకనైన మనిషి శశిభూషణ్. కోనసీమ నుంచి వచ్చిన శాకాహారుల కుటుంబం, చేప వాసన గుమ్మం దాటనివ్వరు. అలాంటివాడు హాల్లో రెండడుగుల గాజు తొట్టి పెట్టి, అందులో సముద్రపు చేపల్ని వేసి, వాటికి సముద్రం నీళ్ళు తెప్పించుకునేవాడు. వారానికి రెండు క్యాన్లు. ఒడ్డున ముంచిన బురద నీళ్ళు పనికిరావు, పడవ లోతుకి వెళ్ళినప్పుడు ముంచి తేవాలి. లోవమ్మ తమ్ముడి పడవ మీద ఆ క్యాన్లు ఖాళీగా వెళ్ళి నిండుగా తిరిగొచ్చేవి. తినని చేపల్ని మేపే మనిషిని లోవమ్మ అంతకు ముందు చూడలేదు. కాకపోతే ఆ ఇంటి గుమ్మం మానెయ్యడానికి వీల్లేదు. సముద్రం కోసేస్తున్న ఊళ్ళకి రాతిగోడలు వేయించే ఇంజనీరు అతనే. లోవమ్మ ఊరు నల్లరేవుపేటలో అప్పటికే రెండు వరసల ఇళ్ళు సముద్రంలో కలిసిపోయాయి. ఒకప్పుడు మూడో వరసలో ఉన్న ఆమె ఇల్లు ఇప్పుడు మొదటిదైంది. ఆ ఊరికి గోడ గీస్తున్నది ఈ శశిభూషణే.

గాజు తొట్టి పెట్టుకున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. లోపలి రాళ్ళు సముద్రంలో ఉన్నట్టు కుదిరితే, ఆ తొట్టికి ఆటుపోట్లు వస్తాయి. సముద్రం తీసే వేళకి నీళ్ళు నాలుగు వేళ్ళు దిగుతాయి, పొంగే వేళకి నాలుగు వేళ్ళు ఎక్కుతాయి. కింద ఒక తువ్వాలు పరుచుకుంటే సరిపోతుంది. రాళ్ళు కుదరకపోతే మాత్రం బకెట్లో నీళ్ళలాగే ఉంటుంది. రెండిళ్ళవతల పళ్ళ డాక్టరు ప్రసన్నకుమార్ తొట్టికి మూడో నెలలోనే పోటు వచ్చింది. శశిభూషణ్ తొట్టికి ఎనిమిదో నెల వెళ్తున్నా రాలేదు. "మీకింకా రాలేదాండీ?" అని వాకింగులో జనం అడుగుతుంటే, కొత్త పెళ్ళికూతురిలా తలొంచుకోలేక, అతను వాకింగు వేళ మార్చేశాడు.

ఆ రోజు లోవమ్మ క్యాను దించేసరికి అతను మోచేతుల దాకా తొట్టిలో ఉన్నాడు. చెన్నై నుంచి తెప్పించిన చిల్లుల రాళ్ళని వెనక అద్దానికి ఆనించి, ఒకదాని మీద ఒకటి, బంకతో అతికిస్తున్నాడు. రెండు నారింజ చేపలు మూలన నక్కి, పండక్కి అద్దింట్లో సామాను సర్దుతుంటే దిక్కుతోచక నిలబడ్డ పిల్లల్లా చూస్తున్నాయి.

"గోడ కట్టేశారేంటండి?" అంది లోవమ్మ.

"గోడ కాదు. రీఫ్." అతను వెనక్కి తిరగలేదు. "మూడు భాగాల్లో రెండో భాగం దగ్గర శిఖరం రావాలి. చూసేవాడి కన్ను అక్కడ ఆగుతుంది. నాచురల్ లుక్ అంటారు దీన్ని. నీకు అర్థం కాదులే."

"నీళ్ళు వెనక్కి తిరగడానికి చోటేదండి మరి? అద్దానికీ రాయికీ మధ్య పిల్లచేప కూడా దూరేలా లేదు. మురిగిపోద్ది."

"లోవమ్మా, నీకు నీళ్ళు తేవడం తెలుసు. తెచ్చావు. క్యాను అక్కడ పెట్టి వెళ్ళు. చెయ్యి మాత్రం ఎక్కడా ఆనించకు, వాసన."

"ఆయ్, అలాగేనండి," అంది లోవమ్మ. గుమ్మం దిగుతూ, ఎనిమిది నెలలు చదివి చదివి రాయి పెట్టడం నేర్చుకోలేని తలకాయని దేవుడు ఎందుకు చేశాడా అనుకుంది. అంతలోనే ఆగి వెనక్కి తిరిగి చూసింది. ఈ చేతులే కదా తన వీధికి గోడ కట్టబోయేది.

ఆ వారమే మరోసారి వెళ్ళినప్పుడు శశిభూషణ్ సైటుకి వెళ్ళాడు. అతని భార్య ఫణిశ్రీ ఒక్కతే ఉంది. కాలేజీలో లెక్కలు చెబుతుంది. తక్కువ మాట్లాడే మనిషి. ఎనిమిది నెలలుగా హాల్లో బురద తుడుస్తూ, భర్త రాళ్ళ గురించి చెప్పే పాఠాలు వింటూ, ఆమె ముఖం ఒక రకంగా బిగుసుకుపోయింది.

"లోవమ్మా, నువ్వైతే ఎలా పెడతావు?" అంది.

"బాబుగారు చెయ్యి ఆనించొద్దన్నారండి."

"బాబుగారు ఇంట్లో లేరు."

లోవమ్మ చీర చెంగు దోపుకుని కిటికీ తెరిపించింది. ముందు రాళ్ళన్నీ బయటికి తీసి పేపరు మీద పరిచింది. బంకని పీకి పారేసింది. ఇరవై రాళ్ళలో ఏడే ఎంచుకుంది. ఇసుక పక్కకి తోసి, పెద్దవి మూడింటిని నేరుగా అడుగు అద్దం మీదే కూర్చోబెట్టి కదిపి చూసింది. ఇసుక మీద పెడితే చేప తవ్వినప్పుడు ఒరిగిపోతాయని చెప్పింది. మిగతావి వాటికి ఆనించి, ఒకటి కాస్త వాల్చి, ఒకటి దూరంగా ఒంటరిగా పెట్టింది. అన్ని పక్కలా చెయ్యి పట్టే సందు వదిలింది. చూడడానికి ఎవరో రాళ్ళు మోస్తూ మోస్తూ అక్కడ వదిలేసి వెళ్ళినట్టుంది.

"అంతేనా?" అంది ఫణిశ్రీ.

"అంతేనండి. మిగతాది అదే చూసుకుంటుంది."

ఇద్దరూ టీ తాగుతుండగా నీళ్ళు దిగడం మొదలైంది. అద్దం మీద తడి గీత ఒకటి మిగిల్చి, నాలుగు వేళ్ళు దిగి ఆగాయి. నారింజ చేపలు మూల వదిలి, వాలిన రాయి కిందుగా దూరి అటు పక్క తేలాయి. ఫణిశ్రీ లేచి పాత తువ్వాలు తెచ్చి కింద పరిచింది. తొట్టి వంక చూసి నవ్వింది. ఆ నవ్వులో సంతోషం కన్నా భర్త మీద కసే ఎక్కువని లోవమ్మకి తెలిసింది, నచ్చింది కూడా.

సాయంత్రం శశిభూషణ్ వచ్చి పోటు చూసి, బూట్లు కూడా విప్పకుండా తొట్టి ముందు కూలబడ్డాడట. "చూశావా, మొన్న పంపు కోణం మార్చాను. దాని ఫలితం ఇది," అన్నాడట. లోవమ్మ పెట్టిందని ఫణిశ్రీ చెప్తే, "ఎవరు పెడితేనేం, ఆ రాళ్ళు ఎంచింది నేను," అన్నాడట. మర్నాడు ఫణిశ్రీ ఇదంతా లోవమ్మకి పొల్లు పోకుండా చెప్పింది.

"పోనీలెండి, ఇంకా అడ్డం రాకుండా ఉంటే చాలు," అంది లోవమ్మ.

అతను అడ్డం రాకుండా ఎలా ఉంటాడు? వాకింగు వేళ మళ్ళీ మారింది. పళ్ళ డాక్టరుని పిలిచి చూపించాడు. ఆదివారం సాయంత్రం ఏకంగా తన పై అధికారి రామచంద్రమూర్తిని టీకి పిలిచాడు. అధికారి వచ్చేలోగా తొట్టిలో కొత్త నీళ్ళు పొయ్యాలని లోవమ్మకి కబురు పెట్టాడు. వెనక గుమ్మం గుండా రమ్మన్నాడు.

రామచంద్రమూర్తి రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. పదేళ్ళ కిందట ఏదో వంతెన కుంగిన కేసులో విచారణ ఎదుర్కొన్నప్పటినుంచి ఏ కాగితమైనా నాలుగుసార్లు చదివి గానీ సంతకం పెట్టడు. బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, "ఆ నల్లరేవుపేట వాళ్ళు అర్జీ పెట్టారయ్యా. గోడ తమ వీధిని ముంచుతుందట. ఏం చెబుదాం?" అన్నాడు.

"వాళ్ళకేం తెలుసు సర్, వలలు వేసుకునేవాళ్ళు." శశిభూషణ్ తొట్టికి ఆనుకున్న టీపాయి మీద డ్రాయింగు పరిచాడు. "నోటితో చెప్పడం ఎందుకు, చేసి చూపిస్తాను ఉండండి."

లోవమ్మ వంటింటి గుమ్మంలో ఖాళీ క్యాను పట్టుకుని నిలబడి చూస్తోంది. అతను చొక్కా చేతులు మడిచి, ఆమె పెట్టిన రాళ్ళని పీకేశాడు. ఆమె వద్దని డబ్బాలో పడేసినవి కూడా తెచ్చి, ఆ చివర నుంచి ఈ చివరకి వరసగా, సందు లేకుండా పేర్చాడు. డ్రాయింగులో గోడ ఎక్కడ ఆగిందో తొట్టిలోనూ అక్కడే ఆపాడు. ఎడమ మూల జానెడు చోటు మిగిలింది.

"ఇదీ సర్. కెరటం వస్తుంది, కొట్టుకుంటుంది, పోతుంది."

లోవమ్మ గోడ గడియారం వైపు చూసింది. అయిదు కావస్తోంది. ఆ రోజు పోటు అయిదింటికే. చెబుదామా అనుకుని, చెప్పకుండా ఊరుకుంది. ఇలాంటివాడికి చెప్పి తన నోరెందుకు అరగదీసుకోవడం?

నీళ్ళు లేచాయి. రాళ్ళ వరసకి తగిలాయి. వెళ్ళడానికి చోటు దొరక్క ఆ వరస పొడవునా జరిగాయి. ఎడమ మూలకి చేరాక అక్కడ పోగుపడి, అద్దం ఎక్కి, అంచు దాటాయి. టీపాయి మీదకి కారి, డ్రాయింగు తడిపి, గచ్చు మీద పాకుతూ రామచంద్రమూర్తి మేజోళ్ళ దగ్గరకి వచ్చాయి. ఆయన బిస్కెట్టు పట్టుకునే కాళ్ళు రెండూ కుర్చీ మీదకి తీసుకున్నాడు. ఫణిశ్రీ తువ్వాలు తెచ్చింది గానీ వెయ్యలేదు. చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఆ మూల ఏ దిక్కయ్యా?" అన్నాడు రామచంద్రమూర్తి.

"ఉత్తరం సర్. కానీ ట్యాంకు వేరు, సముద్రం..."

"గోడ ఆగాక, అటుపక్క ఏముంది?"

శశిభూషణ్ తడిసిన డ్రాయింగు వైపు వంగి వెతికాడు. అక్కడ అతను ఏమీ గియ్యలేదు, ఖాళీగా వదిలేశాడు.

"మా వీధండి," అంది లోవమ్మ గుమ్మంలోంచి. "పదకొండు ఇళ్ళు. మొదటిది మాదే. ఈ బాబుగారు మూడుసార్లు వచ్చారు. కారు దిగలేదు."

నీళ్ళు కారుతూనే ఉన్నాయి. రామచంద్రమూర్తి ఆమె వైపు తిరిగి, "నువ్వైతే ఎలా పెడతావమ్మా?" అని అడిగాడు.

"చేపల వాసనండి. చేతులు కడుక్కుని రమ్మంటారా?"

ఆయనకి ఆ మాట ఎవరికి తగలాలో అర్థం కాలేదు. శశిభూషణ్‌కి అర్థమైంది.

లోవమ్మ వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా వరసని విరగ్గొట్టింది. మూడు కుప్పలు పెట్టింది, ఒకటి ముందుకి, రెండు వెనక్కి. మధ్యలో దారులు వదిలింది. నీళ్ళు ఆ దారుల్లోంచి లోపలికి వచ్చి, రాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి జోరు తగ్గి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాయి. కారడం ఆగింది.

"దాన్ని రానివ్వకపోతే పక్కింటి మీద పడుతుందండి," అంది. "రానిచ్చి, అలిసిపోయాక పంపెయ్యాలి. మా ఊళ్ళో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. మీరు అడగలేదు."

రామచంద్రమూర్తి కాళ్ళు దించకుండానే ఫోను తీసి తొట్టికి నాలుగు ఫొటోలు కొట్టాడు. ఆయన నల్లరేవుపేట మీద జాలిపడ్డాడని లోవమ్మ ఒక్క క్షణం కూడా భ్రమపడలేదు. ఆయనే ఆ మాట బయటపెట్టాడు.

"నీళ్ళు అటు పోతాయని నేను కళ్ళారా చూశాను. పైగా ఇంతమంది ఎదురుగా చూశాను. రేపేదైనా అయితే, ముందే తెలుసు కదా అని నన్ను నిలదీస్తారు. డ్రాయింగు మార్చవయ్యా. ఈవిడ పెట్టినట్టు గియ్యి."

"సర్, ఒక చేపలమ్మే ఆవిడ..."

"గియ్యి," అన్నాడాయన మేజోళ్ళు తడుముకుంటూ.

ఫణిశ్రీ అప్పుడు వంగి తువ్వాలు వేసింది. భర్త కాళ్ళ దగ్గర నీళ్ళు మాత్రం తుడవకుండా అలాగే వదిలేసింది.

వేసవిలో రాళ్ళ లారీలు నల్లరేవుపేట వచ్చాయి. శశిభూషణ్ తెల్ల హెల్మెట్టు పెట్టుకుని, కొత్త డ్రాయింగు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. కాగితం అడుగున రూపకర్తగా అతని పేరే ఉంది. ఆ సంగతి తమ్ముడు చెబితే లోవమ్మ, "ఉండనీరా, కాగితమేగా," అంది. మొదటి లారీ డ్రైవరు తల బయటపెట్టి, ఎక్కడ పోయమంటారని అడిగాడు. శశిభూషణ్ డ్రాయింగు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కాగితం మీద మూడు కుప్పలు ఉన్నాయి గానీ, ఎదుట కదులుతున్న నీళ్ళలో ఏది ఎక్కడో అతనికి అంతుపట్టలేదు. మెల్లగా, బేసినుతో ఒడ్డున నిలబడ్డ లోవమ్మ వైపు చూశాడు. నోటితో మాత్రం అడగలేదు.

లోవమ్మ బేసిను దింపి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, అడుగున ఇసుక కాలితో తడిమి చూసుకుంది. తర్వాత ఒడ్డుకి వచ్చి, కాలి బొటనవేలితో చూపించింది. "ఇక్కడ. తర్వాతది అదిగో, ఆ నురగ విరిగే చోట." చెయ్యెత్తడం అతనికి ఎక్కువ మర్యాద అవుతుందనిపించింది. డ్రైవరు తలూపి లారీ వెనక్కి పోనిచ్చాడు. శశిభూషణ్ పెన్ను తీసి రాసుకున్నాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు వాన. నాలుగో రోజు మధ్యాహ్నం పోటు పెద్దది వచ్చింది. వీధంతా సామాన్లు మూటలు కట్టుకుని గుమ్మాల్లో నిలబడింది. సముద్రం లేచి, కుప్పల మధ్యనుంచి గోధుమరంగు నీళ్ళతో లోపలికి వచ్చింది, రాళ్ళ చుట్టూ తిరిగింది, రొప్పింది, లోవమ్మ ఇంటి అరుగుకి నాలుగు వేళ్ళు ఎడంగా ఆగింది. కాసేపు అక్కడే ఊగి, వెనక్కి తిరిగింది. లోవమ్మ మొగుడు పల్లంరాజు మంచం కూడా జరపకుండా, అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటూనే ఉన్నాడు.