ఫోనక్క చేసిన కాలుష్యం

ఈ చరాచర సృష్టిలో పదహారేళ్ళ పిల్లల ఫోన్ నంబరుకన్నా క్షణభంగురమైనది మరొకటి లేదు. ఈ పరమసత్యం పుణ్యమా అనే ఫోనక్కకు ఉద్యోగం దొరికింది.

ఆమె పనిచేసే మెదడు పరిశోధనశాలలో ఆచార్యులవారు ఒక మహాయజ్ఞం తలపెట్టారు. నుదుటి వెనకనున్న మెదడు భాగం తొందరపాటుకు కళ్ళెం వంటిదట. దానికి చిన్ననాడే కసరత్తు చేయిస్తే పిల్లలు మందుకూ సిగరెట్టుకూ మత్తుబిళ్ళలకూ లొంగరట. అందుకని ఆయన ఒక కంప్యూటర్ ఆటను సృష్టించారు. నూటఇరవైమందిలో సగంమంది దాన్ని రోజూ ఆడాలి, సగంమంది తాకకూడదు. మూడేళ్ళకు ఉభయులనూ పోల్చి చూస్తారు. ఈలోగా ఎవరూ జారిపోకుండా నెలనెలా అందరికీ ఫోన్ చేసి నంబరూ చిరునామా సరిచూడడం ఫోనక్క వంతు. రెండు ప్రశ్నలు, అరనిమిషం, అంతే అన్నారు. పొడిపొడిగా మాట్లాడడం ఆమె ఇంటావంటా లేదు.

“అక్కా, మొన్న పుట్టినరోజు పార్టీలో గ్లాసు చేతిలో పెట్టారు,” అంది ఒకసారి ఒక పిల్ల.

“పెడితే?”

“ఒకటో తారీఖున నువ్వు ఫోన్ చేస్తావుగా! నీకు అబద్ధం చెప్పడం నావల్ల కాదు తల్లీ. పూలకుండీలో పోసేశా.”

“ఆ మొక్క ఏం పాపం చేసిందే! సరేగానీ లెక్కల పరీక్ష ఏమైంది? నసక్కుండా చెప్పు.”

మూడేళ్ళు నిండాయి. ఆచార్యులవారు ముఖం గంటుపెట్టుకుని ఆమెను పిలిపించారు.

“ఆట ఆడినవాళ్ళలో మత్తు ముట్టింది ముగ్గురు. ఆడనివాళ్ళలోనూ ముగ్గురే. బయటి పిల్లల్లో అయితే అరవైకి ఇరవైమంది!”

“మంచిదేగా అండీ?”

“మంచేమిటమ్మా, నా కొంప మునుగుతుంటే! ఆడనివాళ్ళు చెడితేనే కదా ఆట గొప్ప తెలిసేది!”

“ముందే ఒక్క మాట చెప్పుంటే నేనే పోసిచ్చేదాన్ని కదండీ.”

ఆయన ఆమె నోట్‌బుక్కు తెరిచి, చచ్చిన బల్లిని చూపినట్లు చూపారు. “పంటినొప్పి, అమ్మతో గొడవ, లెక్కల పరీక్ష... ఏమిటిదంతా? మీ పలకరింపులు ప్రయోగాన్ని కలుషితం చేశాయి. రెండో విడతకూ ఈ పిల్లలే. ఈసారి ఫోన్లు యంత్రం చేస్తుంది. మీరు ఒకటో తారీఖుదాకా వస్తే చాలు.”

ఫోనక్కకు ఉద్యోగం పోయిందన్న దిగులు ఒక ఎత్తు; ఇకమీదట ఆ పిల్లలకు అబద్ధం చెప్పలేని మనిషంటూ ఎవరు మిగులుతారన్నది మరో ఎత్తు.

ఒకటో తారీఖున, తన బల్ల సొరుగులు ఖాళీ చేసుకుంటూ, యంత్రం తొలి విజృంభణను ఆమె కళ్ళారా చూసింది. దివ్యమైన కంఠంతో, ఏకకాలంలో, అది ఏ పిల్లా ఎరగని కొత్త నంబరునుంచి జాబితాలోని నంబర్లన్నిటికీ ఫోన్ చేసింది. ఎత్తింది ఒక్కరే. పనిచేస్తోందో లేదో చూద్దామని తన నంబరునూ జాబితాలో చేర్చుకున్న ఆచార్యులవారు.