కందబచ్చలి దింపిన రోజు

దసరా సెలవులు ఇచ్చిన మర్నాడే నాన్న కువైట్ నుంచి వచ్చాడు. రెండు రోజులు ఇంట్లో ఉన్నాడో లేదో, అంతర్వేదిలో వారం రోజులకు గది తీసుకుందామన్నాడు. సముద్రం ఒడ్డున ఉండి రోజుకో మంచి హోటల్ వెతుక్కుని తిందామన్నాడు. బియ్యం చెరుగుతున్న అమ్మ చేట పక్కన పెట్టేసింది.

"హోటలా? మీరా?" అంది.

అమ్మ అలా అనడంలో తప్పు లేదు. నాన్న వంటవాడు. పదిహేనో ఏట వీరన్న గారనే పెళ్ళిళ్ళ వంట మేస్త్రి దగ్గర చేరాడు. తర్వాత పదకొండేళ్ళుగా కువైట్లో ఒక తెలుగువాళ్ళ హోటల్లో వండుతున్నాడు. సెలవుకి వచ్చినప్పుడు బయట టీ కూడా తాగేవాడు కాదు. "ఆ పాలు పొద్దున కాచినవే. ఇక్కడికే తెలుస్తోంది" అనేవాడు రోడ్డు మీద నుంచే.

వీరన్న గారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు వంట రుచి చూడరు. పెళ్ళివంట దేవుడికి చూపించి, విస్తళ్ళలో వడ్డించేదాకా నోట్లో వేసుకుంటే ఎంగిలి అయిపోతుందని ఆయన నియమం. ఉప్పు చాలిందో లేదో, పులుసు ఉడికిందో లేదో గుండిగ మీదకి వంగి ఆవిరి పీల్చి చెప్పాలి. అలా చెప్పగలిగేవాళ్ళు ఇప్పుడు చాలా తక్కువ మందే ఉన్నారట. నాన్న వాళ్ళలో ఒకడు.

వీరన్న గారు పోయాక ఆయన భార్య వీరాయమ్మ మామ్మగారు సఖినేటిపల్లి రేవు దగ్గర భోజన హోటల్ నడుపుతోంది. వేసవిలో ఆవిడ నాన్నకి ఫోన్ చేసింది. మోకాళ్ళు పని చెయ్యడం లేదని, నాన్న వచ్చి చూసుకుంటానంటే హోటల్ ఇచ్చేస్తానని, లేదంటే దీపావళికి మూసేస్తానని చెప్పింది. ఈ వారం ఆఖర్న, బుధవారం నాడు, ఆవిడ దగ్గరికి వెళ్ళి ఏ సంగతీ చెప్పాలి. ఒప్పుకుంటే నాన్న ఇంక కువైట్ వెళ్ళక్కర్లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న రెండేళ్ళకోసారి వచ్చి నలభై రోజులు ఉండి వెళ్ళే మనిషి. అందుకే బయల్దేరినప్పటి నుంచి నా ధ్యాసంతా ఆ బుధవారం మీదే ఉంది.

గురువారం పొద్దున్నే నాగబాబు మావయ్య ఆటోలో బయల్దేరాం. మావయ్య అమ్మకి తమ్ముడు. ఊరు దాటకముందే మొదలెట్టాడు.

"బావగారూ, మా అక్క పదిహేడేళ్ళుగా వండి పెడతంటే లేని ఆకలి ఇప్పుడు పుట్టిందేంటండీ హోటళ్ళ మీద?"

"మీ అక్క వంట గురించి మీ అక్క ముందు మాట్లాడే ధైర్యం నాకు లేదు బామ్మర్దీ."

"అంటే ఏంటండీ మీ ఉద్దేశం?" అంది అమ్మ.

"చూసేరా, ఇంకా కొత్తపేట కూడా దాటలేదు" అని మావయ్య ఒకటే నవ్వు.

ఆ మధ్యాహ్నం అంతర్వేదిలో ఒక చిన్న పాక హోటల్లో పండుగొప్ప చేప పులుసు తిన్నాం. నాన్న అన్నం కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా నన్ను చూశాడు.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది" అన్నాను. హోటలాయన పక్కనే నిలబడి ఉన్నాడు. కొత్తవాళ్ళ ముందు నాకు మాట రాదు. బడిలో కూడా హాజరు పలికితే అదే గొప్ప.

"బాగుందంటే? పుల్లగానా, కారంగానా? మెంతి తెలుస్తోందా?"

నేను తల దించుకున్నాను. నాన్న నవ్వి, "సరేలే, ఎలాగూ డైరీ రాస్తావుగా. ఏది ఎలా ఉందో అందులో రాయి, నేను చదువుతాను" అన్నాడు.

ఆ సాయంత్రం రాశాను. పులుసులో మెంతులు కొంచెం ఎక్కువయ్యాయని, చివర్న చేదు తగిలిందని. మర్నాడు ఆ దారిన పోతూ నాన్న ఆటో ఆపించి హోటలాయనతో, "నిన్న పులుసులో మెంతులు ఒక పిసరు ఎక్కువయ్యేయండి" అన్నాడు. ఆయన చెయ్యి నుదుటికి పెట్టుకుని, "అబ్బ, కనిపెట్టేసేరండి! మీరు మామూలు మనిషి కాదండి" అన్నాడు. నేను రాసినదాన్నే నాన్న చెప్పాడని నాకు తెలుసు. నా నాలుక నాన్న నాలుకలాంటిదేనని పొంగిపోయాను. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

శనివారం సముద్రం రోడ్డు మీద ఒక హోటల్ కనిపించింది. బయట నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. శనివారాలు అమ్మ నీచు తినదు కాబట్టి పెరుగన్నం చెప్పింది. మావయ్య టైరు పంక్చరు వేయించడానికి వెళ్ళాడు. నాన్నకీ నాకూ రొయ్యల ఇగురు తెచ్చి వడ్డించారు.

వడ్డిస్తున్నప్పుడే నాకు వాసన తేడాగా వచ్చింది. మసాలా కింద నుంచి ఇంకో వాసన. ఒక రొయ్య కొరికి చూశాను. మెత్తగా, పిండిలా విడిపోయింది. పాడైపోయిన సరుకు.

హోటలాయన తెల్లచొక్కా వేసుకుని బల్ల దగ్గరికే వచ్చాడు. "ఎలా ఉందండీ పాప గారూ? మా దగ్గర ఇదే స్పెషలండి" అన్నాడు. మిగతా బల్లల దగ్గరవాళ్ళు నా వైపు చూస్తున్నారు. నాన్న కూడా చూస్తున్నాడు, నేనేం చెబుతానా అని.

"బాగుందండీ" అన్నాను.

నాన్న తినడం మొదలుపెట్టాడు. నేను రొయ్యలన్నీ ఆకు అంచుకి నెట్టేశాను. నాన్న వాటిని కూడా, "బాగుందన్నావు, పారేస్తావేంటే" అంటూ తన ఆకులో వేసుకుని తిన్నాడు. పది గజాల దూరం నుంచి పాల వాసన పట్టే మనిషి అంత తాపీగా ఎలా తింటున్నాడో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా నోరు విప్పలేదు.

నాలుగు గంటలకు వాంతులు మొదలయ్యాయి. మావయ్య పరుగెత్తుకెళ్ళి ఆర్‌ఎంపీ డాక్టర్ని తీసుకొచ్చాడు. సెలైన్ ఎక్కించారు. చీకటి పడేసరికి నాన్న కాస్త తేరుకున్నాడు. నేను గది మూల కూర్చుని ఏడుస్తుంటే దగ్గరికి పిలిచాడు.

"నాకు ముందే తెలుసు నాన్నా, అవి పాడైపోయాయని. చెప్పలేకపోయాను."

"నీదేం తప్పు లేదమ్మా. తెలియాల్సింది నాకు."

అప్పుడు చెప్పాడు. ఏప్రిల్లో నాన్నకి కువైట్లో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, ముక్కుకి వాసన పోయింది. నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి తెలుస్తాయి. ఏ కూరో మాత్రం తెలియదు. రెండుసార్లు సాంబారు అడుగంటినా కనిపెట్టలేకపోతే, పొయ్యి దగ్గర నుంచి తీసేసి పార్సిళ్ళు కట్టే బల్ల దగ్గర నిలబెట్టారు. వాసన వచ్చేదుంటే ఆరు నెలల్లో రావాలని, ఆ తర్వాత నమ్మకం లేదని అక్కడి డాక్టరు చెప్పాడట. ఆ ఆరు నెలలూ ఈ వారంతో అయిపోతాయి.

"చిన్నప్పుడు తిన్న తిళ్ళు కదా, ఏదో ఒకటి ముక్కుకి తగలకపోతుందా అని వచ్చాను" అన్నాడు.

అమ్మ నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. "వచ్చిన రోజే నాకు తెలిసింది. స్టవ్వు మీద పాలు మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మీరే చెబుతారని ఊరుకున్నాను" అంది.

తర్వాతి మూడు రోజులూ తిరిగాం. నాన్నే తిప్పాడు. దిండిలో పీతల ఇగురు, రాజోలులో ఇంగువ వేసిన పప్పుచారు, మలికిపురంలో చేపల వేపుడు. ప్రతిచోటా నాన్న కళ్ళు మూసుకుని ఆకు మీదకి వంగేవాడు. ఆ వంగడం చూడలేక అమ్మ మంచినీళ్ళ కోసమని లేచి వెళ్ళేది. మావయ్యకి సంగతి తెలిసిపోయింది. అయినా ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాడు, ఊరుకుంటే ఇంకా కష్టంగా ఉంటుందని కాబోలు. నాన్న తల ఎత్తాక నేను చిన్న గొంతుతో చెప్పేదాన్ని, ఇందులో ధనియాలు ఎక్కువ, ఇందులో అల్లం పచ్చిగా ఉంది అని. ఇప్పుడు హోటలువాళ్ళు పక్కన ఉన్నా చెప్పగలుగుతున్నాను. అది విని నాన్న నాకు నేర్పేవాడు. ఉల్లిపాయ ఎర్రబడితే వాసన ఎలా మారుతుందో, ఉప్పు తక్కువైన ఆవిరికి, చాలిన ఆవిరికి తేడా ఏమిటో.

మంగళవారం సాయంత్రం సముద్రం దగ్గర అడిగాను. "నేను పక్కన నిలబడి చెబితే నువ్వు వండలేవా నాన్నా?"

నాన్న అలల వంకే చూస్తూ, "నీ ముక్కు మంచిదే" అన్నాడు. కాదనలేదు. నాకు అదే చాలు.

బుధవారం పదిన్నరకి రేవు దగ్గరికి వెళ్ళాం. నర్సాపురం నుంచి గోదావరి దాటించే పంటు వచ్చి ఆగింది. దాంట్లోంచి దిగిన జనం కొందరు తిన్నగా మామ్మగారి హోటల్ వైపు నడిచారు. వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని మామ్మగారు పనివాళ్ళ మీద కేకలేస్తోంది. నాన్నని చూడగానే మొహం విప్పారింది.

"ఒరేయ్ జగ్గా, రా! ఎడారిలో బిర్యానీలు వండి వండి ముక్కు మొద్దుబారిపోయిందేమో చూస్తాను. కందబచ్చలి పొయ్యి మీదుంది. దింపమంటావా, ఉంచమంటావా?"

నాన్న గుండిగ మీదకి వంగాడు. ఆవిరిలో మొహం పెట్టి అలాగే ఉండిపోయాడు. వెనక నుంచి చూస్తుంటే చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. చింతపండు ఇంకా పచ్చిగా కొడుతోంది.

"పచ్చివాసన పోలేదు" అన్నాను, పెదాలు కదలకుండా.

"ఇంకొంచెం ఉండనియ్యండి పిన్నిగారూ" అన్నాడు నాన్న.

కాసేపయ్యాక మళ్ళీ వంగాడు. ఆ పులుపు మెత్తబడి, కంద వాసన పైకి తేలింది. "పోయింది. ఉప్పు చాలదు" అన్నాను. నాన్న చేతికి తెలిసిన లెక్కన ఉప్పు వేసి, కలిపి, గుండిగ దింపించి, ఆవముద్ద కలిపాడు. ఘాటుకి అందరికీ కళ్ళు చెమ్మగిల్లాయి.

మామ్మగారు పీట మీద నుంచే ఊపిరి పీల్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీ గురువుగారు దింపినట్టే ఉందిరా. ఇంకేం మాటలొద్దు. కార్తీకం మొదలు నుంచి నువ్వే" అంది.

నాన్న ఇంక వెళ్ళడు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. అంతమంది ముందు, అడగకపోయినా, గట్టిగా మాట్లాడేశాను.

"నేనూ ఇక్కడే ఉంటానండి మామ్మగారూ. పొద్దున్నే వంట టైముకి నేనుండాలి కదండీ. బడి మానేస్తాను."

"బడి మానేయడమేంటే పిచ్చిదానా? వంట దగ్గర నీకేం పని?" అంది మామ్మగారు.

ఏదో ఒకటి చెప్పొచ్చు, కూరలు తరుగుతాననో, వడ్డిస్తాననో. ఒక్కటీ నోటికి రాలేదు. నాన్న నా వైపు తిరిగి చూశాడు. తర్వాత చేతిలో గరిటె గుండిగ మూత మీద పెట్టేశాడు.

"దానికి పనుంది పిన్నిగారూ. ఇందాక కూర దింపింది నేను కాదు, అది. నాకు వాసన తెలీడం లేదు."

మామ్మగారు నమ్మలేనట్టు చూసింది. "ఏదీ తెలీదా? ఆవ కూడానా?"

"కళ్ళు మండుతాయండి. అంతే."

"నాన్నా, నేను సాయంత్రాలు చదువుకుంటాను" అన్నాను.

"మార్చిలో నీకు పరీక్షలు. నా ముక్కు కోసం నిన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టనా?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "ఈ ఆలోచన నాకూ వచ్చింది పిన్నిగారూ. నిన్నటి నుంచి అదే అనుకుంటున్నాను. దీని నోట బడి మానేస్తానన్న మాట వినేదాకా తప్పనిపించలేదు."

మామ్మగారు లేవబోయి, లేవలేక, నాన్న చెయ్యి పట్టుకుని నిలబడింది. "మూసేస్తాన్లే అయితే" అని మాత్రం అంది. తర్వాత మమ్మల్ని బయటికి తీసుకెళ్ళి బల్ల దగ్గర కూర్చోబెట్టి, తనే ఆకులు వేసి, తనే వడ్డించింది. వద్దంటున్నా కందబచ్చలి మళ్ళీ మళ్ళీ వేసింది. అమ్మ తల ఎత్తకుండా తింది. మావయ్య కూర్చోలేక ఆటో దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను ఆ మాట అనకుండా ఉంటే. అదొక్కటే తిరుగుతోంది నా బుర్రలో. శనివారం మాట్లాడాల్సినప్పుడు మాట్లాడలేదు, ఇవాళ అక్కర్లేని చోట మాట్లాడాను.

పక్క బల్ల దగ్గర రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన భార్యతో కలిసి భోంచేస్తున్నాడు. సెలవులకి వచ్చారట. చెయ్యి కడుక్కుని వెళ్తూ మామ్మగారిని మెచ్చుకున్నాడు. ఈ వారంలో ఇంత మంచి కూర ఎక్కడా తినలేదన్నాడు. మామ్మగారు ఏం చెప్పాలో తెలియక నాన్న వైపు చెయ్యి చూపించింది.

"మీరేనా అండీ మాస్టారు? మేం మళ్ళీ సంక్రాంతికి వస్తాం. ఉంటారా?"

నాన్న లేచి నిలబడి చేతులు జోడించాడు. "లేదండి. దీపావళి వెళ్ళాక కువైట్ వెళ్ళిపోతానండి."

"అలాగా. అక్కడ కూడా వంటేనా అండీ?"

"ఆయ్" అన్నాడు నాన్న.