గుర్రం ఓడ, చేప ఓడ

సముద్రం మొహం చూడనివాడు కూడా ఓడల కోసం తల పగలగొట్టుకునే ఊరు మాది. నర్సీపట్నం నుంచి సముద్రానికి ఎడ్లబండి మీద పోతే ఒక పూట పైనే పడుతుంది. అయినా ఆ రోజుల్లో మా సంతలో పొగాకు కబుర్ల కన్నా ఓడల కబుర్లే ఎక్కువ. కార్తీకం వస్తే చాలు, చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది మగవాళ్ళు రంగం పోయేవారు. రంగం అంటే రంగూను. అక్కడి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసి, వైశాఖానికి తిరిగొచ్చి మళ్ళీ నాగలి పట్టేవారు. రంగం అంటే యుద్ధభూమి అనే అర్థం కూడా ఉందని బడిపంతులు సోమయాజులుగారు చెప్పేవారు. ఆ అర్థం తెలియడానికి మాకు రంగూను దాకా పోవలసిన పని లేకపోయింది.

మన్యంలో పితూరీ, అంటే తిరుగుబాటు, చల్లారి, దాన్ని అణచడానికొచ్చిన మలబారు పోలీసులు డేరాలు ఎత్తేసిన మరుసటి ఏటి సంగతి ఇది. అంతవరకు మావాళ్ళు విశాఖపట్నం రేవులో ఒక్క కంపెనీ ఓడలే ఎక్కేవారు. వాటి జెండా మీద గుర్రం బొమ్మ ఉండేది. కంపెనీకి ఏదో దొరల పేరుండేది గాని, నోరు తిరగక అందరూ గుర్రం ఓడ అనేవారు. ఆ గుర్రం ఓడకి మా ఊళ్ళో మొదటి భక్తుడు నారాయణమూర్తి. గొలుగొండ దారిలో కాస్త చెరుకు, కాస్త వరి ఉన్న రైతు. ఏటా పనివాళ్ళను కూడగట్టి రంగం తీసుకుపోయే మేస్త్రీ కూడా అతనే. ముంజేతి మీద గుర్రం పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. పొడిచిన మనిషి గుర్రాన్ని ఎన్నడూ చూడలేదో ఏమో, అది మేకలా వచ్చింది. మేక అన్నవాడికి పళ్ళు రాలేవి.

ఆ ఓడ ఎవరిదో అతనికి తెలీదు. ఆ ఓడ యజమానికి నర్సీపట్నం అనే ఊరొకటి ఉందని తెలీదు. అయినా నారాయణమూర్తి నోరు తెరిస్తే ‘మా ఓడ’ అనేవాడు. సొంత ఎడ్లను కూడా అంత గట్టిగా మావి అనగా నేను వినలేదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

అతని తమ్ముడు తాతబ్బాయి. తండ్రి పోయినప్పుడు చంటివాడు. అన్నే ఎత్తుకుని, తినిపించి పెంచాడు. అన్న మాటకి ఎదురు చెప్పి ఎరగడు. కిందటి వైశాఖంలో తిరుగు ప్రయాణంలో తాతబ్బాయి పెళ్ళాం లోవలక్ష్మి కూడా ఓడలో ఉంది. జ్వరంతో, కప్పులేని డెక్కు మీద ఎండలో పడి నీళ్ళు నీళ్ళని అరిచింది. తాతబ్బాయి చెంబు పట్టుకుని పీపా దగ్గరికి పోతే, ఇంకా వేళ కాలేదని ఓడ కళాసీ ఒకడు చెంబుని తన్నేశాడు. తాతబ్బాయి వాడి చొక్కా పట్టుకున్నాడు. కళాసీలంతా కలిసి అతన్ని స్తంభానికి అదిమిపెట్టి, తడిపిన తాడుతో వీపు చీరేశారు. దెబ్బదెబ్బకీ తోలు లేచి వచ్చింది. లోవలక్ష్మి పాక్కుంటూ వచ్చి మొగుడి మీద పడితే తాడు ఆమె మెడ మీదా ఆడింది. నారాయణమూర్తి పరుగున వచ్చి కళాసీల కాళ్ళు పట్టుకున్నాడు. పట్టుకుని తమ్ముణ్ణి తిట్టాడు.

“మన ఓడరా ఇది! మన ఓడలో మనమే గొడవ సేత్తే ఎలాగరా?” అన్నాడు.

వీపు మీద పుళ్ళు ఆషాఢానికి మానాయి గాని, ఆ మాట మాత్రం తాతబ్బాయి మరిచిపోలేదు.

దసరా వెళ్ళగానే మత్స్యలింగం అనే ఏజెంటు మా ఊళ్ళో దిగి, సంత పక్కన పందిరి వేశాడు. కొత్త కంపెనీ అట. జెండా మీద చేప బొమ్మ. ఆడవాళ్ళు కూర్చునే చోట పైన కప్పు ఉంటుందట, నీళ్ళు ఎప్పుడడిగితే అప్పుడేనట. నిజమో అబద్ధమో ఎక్కి చూసినవాడు లేడు. తాతబ్బాయి ఆ పందిరి కింద చాలాసేపు కూర్చున్నాడన్న వార్త సాయంత్రానికి అన్న చెవిన పడింది. యలమంచిలిలో గుర్రం కంపెనీ ఏజెంటు బుజ్జిబాబు చెవిన కూడా పడింది. అతను బండి కట్టించుకుని నారాయణమూర్తి ఇంటికే వచ్చాడు.

“ఏం మేస్త్రీ, మీ ఇంట్లోనే చేపలు వండుతున్నారట?” అన్నాడు గుమ్మంలోనే.

“కుర్రోడు బాబూ, నాను సెప్పుకుంటాను” అన్నాడు నారాయణమూర్తి.

“గుర్రం ఉండేది నేల మీద. చేప ఉండేది ఎక్కడో నేను నీకు చెప్పాలా?” అని నవ్వి, బుజ్జిబాబు బండెక్కి వెళ్ళిపోయాడు.

నారాయణమూర్తి ఆ మాటని రాత్రంతా నమిలాడు. తెల్లారేసరికి అది అతనికి వేదమైపోయింది. చేప ఉండేది నీళ్ళ కింద. అలాంటప్పుడు చేప జెండా కట్టిన ఓడ ఎక్కడికి పోతుంది? ఈ తర్కానికి ఊళ్ళో సగం మంది తల ఊపారు. చేప ఓడకి పేరిచ్చినవాళ్ళ ఇళ్ళలో తమ మగవాళ్ళు అప్పుడే చచ్చినట్టు ఆడవాళ్ళు శోకాలు పెట్టారు. నవ్వకండి. సముద్రం మీద నడిచే వస్తువు గురించి మనకేం తెలుసు గనక? జెండా మీది బొమ్మ తప్ప ఇంకేం కనపడింది?

అక్కణ్ణించి కర్రలు లేచాయి. మత్స్యలింగం పందిరిని గుర్రం జనం తగలబెట్టారు. కాపలావాణ్ణి పట్టుకుని చెవి కోశారు. చేప జనం ఊరుకుంటారా? రైలు స్టేషనుకి పోయే గుర్రం జనం బళ్ళను దారిలో ఆపి, మనుషుల్ని కిందికి లాగి, గొలుగొండవాడొకడి మోకాలు బండరాయితో చితక్కొట్టారు. ఎస్. రాయవరం నుంచి వస్తున్న చేపవాళ్ళని గుర్రంవాళ్ళు జీడితోటలో కాచి కొట్టినప్పుడు ఒకడి దవడ విరిగింది. పోలీసులు వచ్చేసరికి దెబ్బలు తిన్నవాళ్ళుండేవారు గాని కొట్టినవాళ్ళుండేవారు కారు. చీరుకున్నదీ చితికినదీ అంతా మనవాళ్ళ ఒళ్ళే. ఒక్క దొరకైనా గోరు గీసుకున్న దాఖలా లేదు.

ఇంట్లో తల్లి రామాయమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

“అన్న మాట ఇనుకో నాయనా. నీ మంచికే సెప్తన్నాడు” అంది తాతబ్బాయితో.

“ఆ ఓడ నాను మరెక్కనమ్మా. నా పెళ్ళాం నీళ్ళడిగితే తన్నినోడి ఓడ అది” అన్నాడు తాతబ్బాయి.

“మునిగిపోతార్రా! ఇద్దరూ మునిగిపోతారు. నీకేటైనా ఐతే నానేటైపోవాల?” అని నారాయణమూర్తి కేకవేశాడు. కోపంగానే అన్నాడు గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నా ఈపు సీరేసినప్పుడు ఏటైపోనావన్నా?”

నారాయణమూర్తి చేతిలో ఉన్న కంచం గోడకేసి కొట్టి లేచిపోయాడు. ఆ రోజే మనసులో ఒకటి అనుకున్నాడు. తరవాత అతనే నాతో చెప్పాడు. తమ్ముడి కాలు విరగ్గొట్టాలి. కాలు విరిగితే ఈ ఏటికి ఇంట్లో పడి ఉంటాడు, ప్రాణం దక్కుతుంది. ప్రేమకి ఇంతకన్నా తిన్నని దారి ఆ బుర్రకి తోచలేదు. అందులో అహంకారం లేదా అంటే, ఉంది. సొంత తమ్ముడే చేప ఓడెక్కితే రేపు ఎవడు మేస్త్రీ అని పిలుస్తాడు?

సంత రోజున చేప జనం బళ్ళు కట్టారు. మిరపకాయల బస్తాల పక్క నుంచి బళ్ళు కదలగానే గుర్రం జనం అడ్డం పడ్డారు. మొదట తిట్లు, తరవాత రాళ్ళు, ఆ తరవాత కర్రలు. ఎవరో ఎద్దు ముట్టె మీద కొడితే అది బెదిరి తిరిగి, కుండలమ్మే జోగులమ్మ మీదికెక్కింది. ఆమె తొడ విరిగిన చప్పుడు అంత గోలలోనూ వినపడింది. మత్స్యలింగం మనిషి కత్తిపీట పట్టుకుని ఒకడి వేళ్ళు తెగ్గొట్టాడు. మిరపకాయల బస్తా పగిలి, గింజల్లో నెత్తురు కలిసి, జనం తుమ్ముతూ దగ్గుతూ ఒకరినొకరు కొట్టుకున్నారు.

నారాయణమూర్తి ఇవేవీ చూడలేదు. దుడ్డుకర్ర పట్టుకుని తిన్నగా తమ్ముడి బండి దగ్గరికి వచ్చాడు. తాతబ్బాయి బండి దిగి ఎదురు నిలబడ్డాడు. బండి మీద లోవలక్ష్మి మూట గుండెలకి అదుముకుని కూర్చుంది.

“ఎనక్కి తిప్పు బండి. బేగి తిప్పు” అన్నాడు నారాయణమూర్తి.

“తిప్పనన్నా. తప్పుకో.”

“సేప మునిగిపోద్దిరా ఎర్రి నాయాలా!”

“సేపకి ఈతొచ్చన్నా. గుర్రమేటి, ఏ సముద్రంలో ఈదింది? అయినా నీ సేతి మీదున్నది గుర్రమా? మేక! మేక నీళ్ళు సూత్తేనే పారిపోద్ది.”

చుట్టూ కొట్టుకుంటున్నవాళ్ళు కూడా ఆగి నవ్వారు. చేపవాళ్ళూ నవ్వారు, గుర్రంవాళ్ళూ నవ్వారు. నెత్తురు కారుతున్న నోళ్ళతో నవ్వారు. మేక అన్నవాళ్ళందరికీ పళ్ళు రాల్చిన మనిషి. ఇప్పుడన్నది తమ్ముడు. నారాయణమూర్తి కర్ర ఎత్తి, కాలి పిక్క మీదికి గురిపెట్టి, రెండు చేతులా తిప్పాడు. సరిగ్గా అప్పుడే ఎద్దులు కదిలి, లోవలక్ష్మి చేతిలో మూట జారి కింద పడింది. మూట అందుకుందామని తాతబ్బాయి వంగాడు.

కర్ర చెవి పైన తగిలింది. ఎముక లోపలికి దిగిపోయింది. తాతబ్బాయి వంగినవాడు వంగినట్టే మూట మీద పడ్డాడు. లోవలక్ష్మి కేక విని ఎద్దులు మళ్ళీ బెదిరాయి. జనం మళ్ళీ కలబడ్డారు. నారాయణమూర్తి కర్ర పారేసి తమ్ముడి మీద బోర్లా పడుకున్నాడు. పైన పడ్డ దెబ్బలన్నీ అతను తిన్నాడు. గుర్రంవాళ్ళ దెబ్బలు, చేపవాళ్ళ దెబ్బలు, కాళ్ళ తొక్కిళ్ళు. పక్కటెముకలు విరిగినా లేవలేదు. “తమ్ముడా, తమ్ముడా, కాలికే కొట్టినాన్రా” అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో తాతబ్బాయికి కాసేపు తెలివొచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి, ఎవరు కొట్టారని అడిగాడు.

“బండి మీంచి జారిపోనానండి” అన్నాడు తాతబ్బాయి.

“బండి మీంచి పడితే అక్కడెలా తగులుతుందయ్యా?”

“నానే తల పెట్టీసినానండి.”

మంచం కాళ్ళ దగ్గర కూర్చున్న నారాయణమూర్తి నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. ‘నేనే కొట్టాను’ అని అరుద్దామనుకున్నాడు. రామాయమ్మ అతని జుట్టు పట్టుకుని మొహం తన ఒళ్ళోకి లాక్కుంది. ఒక కొడుకు పోతున్నాడు, రెండోవాణ్ణి కూడా ఉరికంబానికి ఎలా ఇస్తుంది? లోవలక్ష్మి అందరినీ చూసింది గాని నోరు విప్పలేదు. మర్నాడు పొద్దు వాలకముందే తాతబ్బాయి పోయాడు.

పెద్ద కర్మ అయిన వారానికి బుజ్జిబాబు కబురు పెట్టాడు. నారాయణమూర్తి యలమంచిలి వెళ్ళేసరికి ఒకే బల్ల మీద బుజ్జిబాబు, మత్స్యలింగం పక్కపక్కన కూర్చుని ఒకే పళ్ళెంలో పకోడీలు తింటున్నారు.

“రా మేస్త్రీ. కలకత్తాలో పెద్దలు చేతులు కలిపారు. ఇకమీదట రెండు కంపెనీలకీ ఒకటే టిక్కెట్టు. ఏ ఓడ ముందొస్తే నీ జనాన్ని అందులో ఎక్కించెయ్. ఈసారి ముందొచ్చేది చేపేనట” అన్నాడు బుజ్జిబాబు.

నారాయణమూర్తి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

“మరి సేప మునిగిపోద్దన్నారు గద బాబూ?”

“నేనెప్పుడన్నానయ్యా? చేప ఎక్కడుంటుందో తెలుసా అని అడిగాను. మునిగిపోతుందన్నది నువ్వు.”

నారాయణమూర్తి బల్ల మీదికి దూకి బుజ్జిబాబు గొంతు పట్టుకున్నాడు. బుజ్జిబాబు కళ్ళు బయటికొచ్చాయి, నాలుక పకోడీతో సహా బయటికొచ్చింది. ఇద్దరు ఏజెంట్ల మనుషులూ కలిసి అతన్ని పీకి కింద పడేశారు. మొన్నటిదాకా ఒకరి వేళ్ళు ఒకరు నరుక్కున్నవాళ్ళే, ఇప్పుడు చెరో కాలూ పట్టుకుని ఒద్దికగా తన్నారు. ముక్కు పగిలి, ముందు పళ్ళు ఊడి, నారాయణమూర్తి నడిరోడ్డు మీద పడ్డాడు. మత్స్యలింగం చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. “మేస్త్రీ నువ్వు కాకపోతే ఇంకోడు. నీ జనం ఆకలితో ఉన్నారు, ఆలోచించుకో” అని లోపలికి పోయాడు.

జనం నిజంగానే ఆకలితో ఉన్నారు. గొడవల్లో నెలన్నర పోయింది. మోకాలు చితికినవాడి పెళ్ళాం, వేళ్ళు తెగినవాడి తమ్ముడు, అందరూ వచ్చి నారాయణమూర్తి గుమ్మంలో కూర్చున్నారు. ఎవరూ గుర్రం అనలేదు, చేప అనలేదు. “ఎప్పుడెల్తాం మేస్త్రీ?” అని మాత్రం అడిగారు. ఇంట్లో గింజల్లేవు. తల్లీ ఉంది, తమ్ముడి పెళ్ళామూ ఉంది. నారాయణమూర్తి వాచిన మొహంతోనే బళ్ళు కట్టమన్నాడు.

పొద్దున్నే మూట భుజాన వేసుకుని గడప దాటుతుంటే లోవలక్ష్మి వచ్చి అడ్డంగా నిలబడింది. మొగుడు పోయాక బావతో ఆమె మాట్లాడడం అదే మొదలు. కళ్ళు ఎత్తి అతని మొహంలోకి చూసింది.

“ఏ ఓడెక్కుతున్నావు బావా?” అని అడిగింది.

నారాయణమూర్తి తల వంచుకున్నాడు. వీధిలో బళ్ళ మీద జనమంతా వింటున్నారు. పళ్ళు ఊడిన నోటితో మాట సరిగ్గా రాలేదు గాని, అందరికీ వినపడింది.

“ఏదొత్తే అదే” అన్నాడు.

లోవలక్ష్మి గుమ్మం పట్టుకుంది.

“ఈ ముక్క ఆరోజే అనీసుంటే సరిపోయీది గద బావా!”